ట్వంటే నాన్నలు, సేక్కాన్ కుర్రాళ్లు

యాంగోన్ వెళ్లొచ్చానని తెలిసినవాళ్లందరూ ముందు బంగారు పగోడా గురించే అడుగుతున్నారు. దాన్ని నేను టాక్సీ కిటికీలోంచి మాత్రమే చూశాను. ఎండ తగిలి కళ్లు జిగేల్మన్నాయి, అంతలో మలుపు తిరిగేశాం. ఆ ఊళ్లో నేను ఎక్కువగా చూసింది ఫుట్‌బాల్ మైదానాలు. ఆ మాట చెబితే మా శ్రీకాకుళంలో ఎవరూ నమ్మడం లేదు.

డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. యూనివర్సిటీ జట్లను ఎంపిక చేసే కమిటీల్లో కూర్చుని కూర్చుని విసిగిపోయినదాన్ని. ఫలానా పిల్లని ఎందుకు తీసుకోలేదని తండ్రులు గుమ్మంలోకి వచ్చి అడిగితే జవాబు చెప్పే ఓపిక ఉద్యోగం అయిపోకముందే అయిపోయింది. కొన్నాళ్లు ఎవరికీ ఏదీ తేల్చి చెప్పక్కర్లేని చోట ఉండాలనిపించింది. మా పెదనాన్న కొడుకు భార్య రత్నం వదిన డిసెంబరులో రమ్మని ఫోన్ చేసింది. మా అన్నయ్య పోయాక కూడా చుట్టరికం వదలని మనిషి. సరేనన్నాను.

సేక్కాన్ వీధిలో

మా నాయనమ్మ ఆ ఊరిని, అంటే పాత రంగూన్‌ని, రంగం అనేది. మావాళ్లు ఓడరేవు పనికి అక్కడికి వెళ్లారు. కొందరు తిరిగొచ్చారు, పెదనాన్న ఉండిపోయాడు. వదిన ఇల్లు సేక్కాన్ వీధిలో, రేవుకి దగ్గర, నాలుగో అంతస్తులో. మెట్లు నిటారుగా ఉన్నాయి. పైనుంచి కిందికి ఒక తాడు వేలాడుతోంది, దాని చివర ఒక క్లిప్పు. పాలవాడు, పేపరువాడు తెచ్చింది దానికి తగిలిస్తే పైనుంచి లాక్కుంటారు. మోకాళ్ల నొప్పులున్న నాకు ఆ తాడు మీద అసూయ కలిగింది.

విదేశీయుల్ని ఇళ్లలో పడుకోనివ్వరు. పక్క సందులో ఒక చిన్న లాడ్జిలో గది తీసుకుని తిండికి మాత్రం వదిన ఇంటికి వచ్చేదాన్ని. లాడ్జివాడు నేనిచ్చిన డాలరు నోటుని దీపం దగ్గర పెట్టి చూసి, మధ్యలో మడత ఉందని తిరిగి ఇచ్చేశాడు. మడత పడని నోటు కోసం సంచీ అంతా వెతకాల్సి వచ్చింది. కరెంటు పూటకో వీధికి ఉంటుంది. లేని వీధిలో జనరేటర్లు మోగుతుంటాయి. ఆ చప్పుడు మీద మాట్లాడుకోవడం అలవాటై అక్కడివాళ్ల గొంతులు పెద్దవి.

"ఏటి విజయా, ఇలగ సిక్కిపోనావు? మీ ఊళ్లో తిండి నేదేటి?" అంది వదిన నన్ను చూడగానే. ఆ ఏటి, ఆ నేదు విని నాకు మా పేట గుర్తొచ్చింది. కాకపోతే మధ్యలో బర్మా మాటలు పడుతుంటాయి. పెద్దవాళ్లని తెలుగులో కూడా పేరు ముందు "ఊ" చేర్చి పిలుస్తారు. "మీరు" అనేది వాళ్ల తెలుగులో లేదు. పాస్టరు గారిని కూడా "అయ్యగారూ, నువ్వు సెప్పు" అంటారు.

వదిన బుగ్గల మీద పసుపచ్చని చెక్క గంధం పూసుకుంది. దాని పేరు తనఖా అని చెప్పింది.

"మా దగ్గర తనఖా అంటే నగలు తాకట్టు పెట్టడం వదినా," అన్నాను.

"మొకం తాకట్టు ఎట్టీసినానన్నమాట!" అని నవ్వింది. నేనున్న రోజుల్లో ఆమె అంత బాగా నవ్వింది అప్పుడే.

ఆమె చివరి కొడుకు డానియేలు. రేవులో సరుకు దించే ఒక కంపెనీలో గుమస్తా. క్రిస్మస్ అయ్యాక ఓడలో ఉద్యోగానికి వెళ్లిపోతున్నాడు. అక్కడ వయసులో ఉన్న మగపిల్లల పేర్లు నిర్బంధ సైన్యానికి తీస్తున్నారు. ఎవరి పేరు ఎప్పుడు వస్తుందో తెలియదు. ఓడ దొరికినవాడు ఓడ ఎక్కుతున్నాడు, సరిహద్దు దగ్గరగా ఉన్నవాడు దాటుతున్నాడు. వదిన ఆ విషయం గొంతు పెంచకుండా, కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పింది.

డానియేలు మాత్రం ఫుట్‌బాల్ గురించే మాట్లాడాడు. సేక్కాన్ తెలుగు జట్టుకి వాడే కెప్టెన్.

టీ కొట్టు

మర్నాడు పొద్దున్న డానియేలు నన్ను టీ కొట్టుకి తీసుకెళ్లాడు. పిల్లల ముక్కాలి పీటల్లాంటి చిన్న కుర్చీలు. కూర్చోవడం ఒక పని, లేవడం ఇంకో పని. టీ చిక్కగా, పాయసమంత తియ్యగా ఉంటుంది. బల్ల మీద ఫ్లాస్కులో వట్టి టీ నీళ్లు ఊరికే ఇస్తారు, ఎంతసేపు కూర్చున్నా లెమ్మనరు. పనివాళ్లని పిలవడానికి ముద్దు పెట్టినట్టు పెదాలతో చప్పుడు చేస్తారు. మా ఊళ్లో అలా చేస్తే చెంప పగులుతుంది. దోసెని తోషే అంటారు. సమోసాని కత్తెరతో ముక్కలు చేసి, క్యాబేజీ, పుదీనా, పలచని పప్పు నీళ్లు కలిపి గిన్నెలో ఇస్తారు. ఆ గిన్నె ధర వేలల్లో విని ఉలిక్కిపడ్డాను. మన డబ్బుల్లో చూస్తే మా కాలేజీ క్యాంటీన్ ప్లేటు కన్నా కాస్త ఎక్కువ.

ఇద్దరు పెద్దమనుషులు వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకాయన చర్చి పెద్ద, ఊ సామేలు. తెల్ల చొక్కా, ఇస్త్రీ చేసిన లుంగీ. రెండో ఆయన అప్పలసామి, అప్పడాలు, పచ్చళ్లు అమ్మే దుకాణం ఆయనది. నేను రిటైరైన ఫిజికల్ డైరెక్టర్నని వదిన వీధంతా చెప్పేసిందని అప్పుడు తెలిసింది.

సంగతి ఇది. యాంగోన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు ఫుట్‌బాల్ కప్పు ఆడతారు. చర్చిల జట్లు, గుడుల జట్లు అన్నీ కలిసే. మొదటి ఆటలు రెండు గుంపులుగా, ఎక్కడివాళ్లు అక్కడ, ముందే ఆడేశారు. ఇంతకుముందు వాటి తర్వాత సెమీ ఫైనల్సు ఉండేవి. ఈ ఏడు జనం గుమిగూడడానికి ఒక్క రోజుకే అనుమతి వచ్చింది. అంటే ఒక్క ఆటే, ఫైనల్. ఆ ఫైనల్లో ఎవరు ఆడాలో కమిటీ తేల్చాలి.

మొదటి జట్టు గురించి గొడవ లేదు. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లు ఎవరి చేతా ఓడలేదు. గొడవంతా రెండో చోటు గురించే. రెండో గుంపులో నది అవతలి ట్వంటే ఊరి జట్టు కూడా ఆడినవన్నీ గెలిచింది. సేక్కాన్ ఒక్క ఆటే ఓడింది, అదీ ట్వంటే చేతిలో, ఒక్క గోలు తేడాతో.

"మరి గొడవేముంది? ట్వంటేయే కదా," అన్నాను.

"ఆ గోలు కొట్టిన రాజు ఇప్పుడు నేడు," అన్నాడు సామేలు. "సరిహద్దు దాటీసినాడు. గోల్‌కీపరు కూడా నేడు. ఇంకో ముగ్గురు నేరు. ఆ గెల్సిన జట్టు ఏటి, ఇప్పుడున్న జట్టు ఏటి? పేరొకటే ట్వంటే. జనం ఏడాదికోపాలి వొస్తారు, ఆళ్లకి మంచి ఆట సూపించాల గదా."

"గెల్సినోడు గెల్సినాడు," అన్నాడు అప్పలసామి. "నీకు నచ్చనేదని ఎనక్కి తీసుకుంటావేటి?"

"కుర్రోళ్ల బదులు ముసిలోళ్లని దించుతారంట! నాలుగు గోల్స్, ఐదు గోల్స్ తేడాతో ఓడిపోతారు. అది ఫైనలా?"

"ఓడిపోతే ఓడిపోనీ. అది ఆళ్ల ఓటమి. నువ్వెవుడివి ముందే రాసీడానికి?"

డానియేలు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. కమిటీ రెండుగా చీలిపోయింది, చెరో సగం. పాస్టరు అయ్యగారు ఏ పక్కా చెప్పనంటున్నారు. బయటి మనిషి, చదువుకున్న మనిషి, ఆట తెలిసిన మనిషి వచ్చింది కాబట్టి ఆమె ఎలా అంటే అలా అని ఇద్దరూ ఒప్పుకున్నారట. ఆ ఒక్క విషయంలోనే వాళ్లకి ఒప్పందం కుదిరింది.

నేను వద్దన్నాను. నడుం నొప్పి అన్నాను. డానియేలు మా మనిషి కాబట్టి నేను చెప్పడం ధర్మం కాదన్నాను.

"అందుకే నీ మాట నమ్ముతాం," అన్నాడు అప్పలసామి. "ఆడికి ఎతిరేకంగా సెప్తే మరీ నమ్ముతాం."

సామేలు నవ్వలేదు. "రెండు జట్లనీ సూసి సెప్పమ్మా," అన్నాడు. వీటి నుంచి పారిపోయి సముద్రం దాటి వస్తే మళ్లీ అదే బల్ల, అవే మొహాలు.

లైంగ్‌థార్యార్

అయినా మర్నాడు బస్సెక్కాను. రెండో జట్టు ఎవరైనా ఆడాల్సింది లైంగ్‌థార్యార్ కుర్రాళ్లతోనే కాబట్టి ముందు వాళ్లనే చూడాలన్నాను. డానియేలు సెలవు పెట్టి తోడొచ్చాడు. నది వంతెన దాటాక ఊరు మారిపోతుంది. గోడల వెంట గోడలు, గేటు ముందు లంచ్ డబ్బాలు పట్టుకున్న ఆడపిల్లలు, వెనక తలుపు లేని ట్రక్కుల్లో నిలబడి వెళ్లే జనం. దారిలో రెండు చోట్ల సైనికులు బస్సు ఆపి చూశారు. ఆపినప్పుడల్లా డానియేలు కిటికీ వైపు తిరగకుండా తిన్నగా ముందుకి చూశాడు. నా పాస్‌పోర్టు చూసి దండం పెట్టినంత పని చేశారు. వాడి కార్డు మాత్రం చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. బస్సు కదిలాక వాడి చొక్కా వీపు తడిసిపోయి ఉంది.

ఫ్యాక్టరీల వెనక బీడులో ఆ జట్టు ఆడుతోంది. షిఫ్టు దిగి అన్నం కూడా తినకుండా వచ్చారు. కుట్టు మెషిన్ల ముందు ఒంగి కూర్చునే పిల్లల కాళ్లలో ఆ వేగం ఎక్కడిదో నాకు తెలియలేదు. బంతి నేల మీదే ఉంచి, చిన్న చిన్న పాసులతో ఒకేసారి ముగ్గుర్ని దాటుకుపోతున్నారు. నా ఉద్యోగంలో అలాంటి జట్టు ఒక్కటి దొరికుంటే బాగుండేది.

"ఈళ్లతో మేం సమానంగా ఆడగలం అత్తా," అన్నాడు డానియేలు. గొప్పగా చెప్పలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. సాయంత్రం రేవు వెనక జాగాలో వాడి జట్టుని చూశాను, వాడన్నది నిజమే. వాడు ఎడమ కాలితో బంతి ఆపే తీరు చూస్తే, ఏ సెలక్షన్లోనైనా మొదట రాసుకునే పేరు అదే అనిపించింది.

అన్నం దగ్గర వదిన చేపల పులుసు వడ్డించింది. కొంత మనం చేసినట్టే ఉంది, కొంత కాదు. చింతపండు బదులు ఏదో పుల్లటి ఆకు వేసింది. డానియేలు చెయ్యి కడుక్కోవడానికి లేచాక గొంతు తగ్గించింది.

"నిన్ను అడక్కూడదు విజయా. కానీ అడుగుతున్నాను. ఓడెక్కితే ఆడు మళ్లీ ఎప్పుడొస్తాడో, అసలు రానిస్తారో నేదో. ఒక్కపాలి ఆడ్ని ఫైనల్లో సూడాలనుంది."

ఆమె ఇంకో చేప ముక్క వేసింది.

ట్వంటే

నది దాటడానికి ఫెర్రీ. చలికాలం కదా, తెల్ల పక్షులు గుంపులుగా వచ్చి ఫెర్రీ వెంట ఎగురుతుంటే జనం వాటికి అటుకుల ఉండల్లాంటివి విసురుతున్నారు. ఒక పక్షి నా చేతిలోది కాకుండా నా పక్కావిడ నోట్లోకి వెళ్లబోయేది అందుకుపోయింది. ఆవిడా నేనూ భాష లేకుండా నవ్వుకున్నాం. దిగేటప్పుడు చెక్క మీద కాలు జారి ఒక చెప్పు నీళ్లలో పడిపోయింది. ఆవలి ఒడ్డున ఇంకో జత కొనుక్కున్నాను, మగవాళ్లవి. నా కాలికి పట్టేవి అవే దొరికాయి.

అక్కడినుంచి పికప్ బండిలో పొలాల మధ్య నుంచి వెళ్లాం. ఈసారి తోడొచ్చింది అప్పలసామి. ట్వంటే కుండలకి పేరున్న ఊరు. మనిషి ఎత్తు బానలు ఎండలో వరసగా పెట్టి ఉన్నాయి. కుండలు కాల్చే ఆవం దగ్గర ఊక కాలుతున్న వాసన. అక్కడే దాలయ్యని చూశాను. రాజు తండ్రి ఆయనే. కుండలు పడవలకెక్కించే పని. నలభై దాటిన మనిషి, పొట్టి, మెడ మీద కండ. కొడుకు కట్టుకునే కెప్టెన్ పట్టీ ఇప్పుడు ఆయన కట్టుకుంటున్నాడు.

కోత అయిపోయిన మడిలో సాయంత్రం ఆడారు. కొయ్యలు పాదాలకి గుచ్చుకోకుండా గోనెలు కట్టుకున్నవాళ్లున్నారు. జట్టులో మిగిలిన కుర్రాళ్లు ఒక సగం, తండ్రులు, చిన్నాన్నలు ఇంకో సగం. ఆ వయసు మగవాళ్లని సైన్యం పిలవదు, అందుకని ఊళ్లో మిగిలేది వాళ్లే. కాసేపటికే మోకాళ్ల మీద చేతులు ఆనించి నిలబడిపోతున్నారు. కానీ ఒకటి గమనించాను. ఎక్కడ నిలబడాలో వాళ్లకి తెలుసు. పరిగెత్తలేని మనిషి బంతి వచ్చే చోటికి ముందే నడుచుకుంటూ వెళ్తున్నాడు. ఇది అరగంట పనికొస్తుంది, ఆ తర్వాత పనికిరాదు.

ఆట అయ్యాక దాలయ్య నాకు కొబ్బరి బొండం కొట్టిచ్చి పక్కన కూర్చున్నాడు. నేను సులువైన దారి వెతుక్కున్నాను.

"మీరే తప్పుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు దాలయ్యా. పిల్లలు లేరు కదా. వచ్చే ఏడు చూసుకోవచ్చు."

"వొచ్చే ఏడు ఈ మిగిలినోళ్లు కూడా ఉంటారో నేదో అమ్మా," అన్నాడు. "మేం ఓడిపోతాం. అది నువ్వు సెప్పక్కర్నేదు, మాకు తెల్సు. నేను ఆ లైంగ్‌థార్యార్ పిల్లల్ని సూసినాను. గాలిలాగ పోతారు."

"మరి దెబ్బలు తగిలించుకోవడం ఎందుకు?"

ఆయన గోనె విప్పి దులిపాడు. "మా పిల్లలు ఒక్కో ఆటా గెల్సినారు. ఆళ్లు ఎల్లిపోనారని ఆ గెలుపులు కూడా ఎల్లిపోవాలేటి? ఫైనల్లో మా ఊరి పేరు పిలుస్తారు గదా. పిల్సినప్పుడు ఎవుడో ఒకడు మైదానంలో నిలబడాల. అంతే అమ్మా."

తిరుగు ఫెర్రీలో అప్పలసామి ఒక్క మాట కూడా నన్ను అడగలేదు. అడిగి ఉంటే తిట్టుకునేదాన్ని.

చర్చి హాలు

మీటింగు మధ్యాహ్నం పూట, కరెంటు లేని వేళ. ఫ్యాన్లు కదలడం లేదు. క్రిస్మస్ కోసం కట్టిన రంగు కాగితాలు చెమట పట్టినట్టు వేలాడుతున్నాయి. అయ్యగారు చిన్న ప్రార్థన చేసి నా వైపు చూశారు. సేక్కాన్ కుర్రాళ్లు వెనక బెంచీల మీద కూర్చున్నారు, మధ్యలో డానియేలు. ట్వంటే నుంచి దాలయ్య ఒక్కడే వచ్చాడు.

నేను రాత్రంతా వేరే మాటలు అనుకున్నాను, అవేవీ గుర్తు రాలేదు. "నా ఉద్యోగంలో ఎప్పుడూ ఇవాళ ఎవరు బలంగా ఉన్నారో చూసే పంపించాను," అన్నాను. "ఆ లెక్కన అయితే సేక్కాన్ వెళ్లాలి. నేను రెండు జట్లనీ చూశాను, అందులో నాకు అనుమానం లేదు."

సామేలు వెనక్కి తిరిగి కుర్రాళ్ల వైపు చూశాడు.

"కానీ మా దగ్గర జట్టుని ఎంచి ఆడించడానికి పంపుతాం. ఇక్కడ మీరు ముందే ఆడించేశారు. గెలిస్తే ముందుకెళ్తారని చెప్పి ఆడించారు. ఆ మాట నమ్మి వాళ్లు గెలిచారు. ఇప్పుడు నేను మధ్యలో వచ్చి ఆ మాట మార్చలేను. ట్వంటే ఆడాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దాలయ్య తలొంచుకుని ఒక దండం పెట్టి, ఫెర్రీ టైమైందని వెళ్లిపోయాడు. సామేలు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఫైనల్ అయ్యాక జనానికి నువ్వే సెప్పుకో అమ్మా," అన్నాడు. వెనక బెంచీలు ఖాళీ అవుతున్న చప్పుడు వినిపించింది. నేను తిరిగి చూడలేదు.

సాయంత్రం వదిన అన్నం పెట్టింది. రోజూ లాగే నాలుగు రకాలు చేసింది. ఇంకాస్త వెయ్యనా అని మాత్రం అడగలేదు. డానియేలు స్నేహితుల దగ్గర తినేశాడట. లాడ్జికి బయల్దేరేటప్పుడు ఎప్పుడూ మెట్ల దాకా వచ్చే ఆమె ఆ రోజు తలుపు దగ్గరే ఆగింది. మర్నాడూ అంతే. తినడం, చెయ్యి కడుక్కోవడం, వెళ్తాను వదినా, సరే. నేను టిక్కెట్టు ముందుకి జరపడానికి ప్రయత్నించాను. సీట్లు లేవన్నారు.

మైదానం

ఫైనల్ రోజు జనం పొద్దున్నే వచ్చేశారు. ట్వంటే నుంచి ఆడవాళ్లు బానల బండిలో కూర్చుని వచ్చారు. పులిహోర పొట్లాలు, జంతికలు, కారం కలిపిన మామిడి ముక్కలు. ఆ కారం మన గుంటూరు మిరపని మించిపోయింది. ఒక్క ముక్క తిని కన్నీళ్లు తుడుచుకుంటుంటే పక్కన ఒకావిడ, "ఇంకా ఆట మొదలవనేదు, ఇప్పుడే ఏడుస్తున్నావేటమ్మా," అంది. వదిన నాతోనే వచ్చింది, కానీ మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

మొదటి సగం నేను అనుకున్నదానికన్నా బాగా జరిగింది. తండ్రులు దారులు మూసేసి నిలబడ్డారు. దాలయ్య రెండు సార్లు బంతికి అడ్డంగా పడుకున్నాడు. విరామానికి ఒక్క గోలే వెనకబడి ఉన్నారు. జనం లేచి నిలబడి అరిచారు.

రెండో సగంలో కాళ్లు ఆగిపోయాయి. ఒకాయనకి పిక్క పట్టేసి బయటికి మోసుకొచ్చారు. ఇంకో పెద్దాయన గట్టు మీద వాంతి చేసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. రెండు, మూడు, నాలుగు. తర్వాతి గోల్స్‌కి లైంగ్‌థార్యార్ కుర్రాళ్లు గెంతడం కూడా మానేశారు. వాళ్ల కెప్టెన్ ఒక గోలు కొట్టి, కిందపడ్డ దాలయ్యని చెయ్యిచ్చి లేపి, ఆయన మోకాలి మట్టి దులిపాడు. నా వెనక వరసల్లోంచి మాటలు వినిపించాయి. "సేక్కాన్ ఆడుంటే సూడ్డానికి బాగుండు." "ఎవర్తో ఇండియా నుంచి వొచ్చి సెప్పిందంట." సామేలు నా వైపు చూడనైనా లేదు. చూసుంటే బాగుండేది.

డానియేలు గట్టు మీద జట్టుతో కూర్చుని మొత్తం ఆట చూశాడు. రాడనుకున్నాను, వచ్చాడు.

బహుమతులు ఇచ్చేటప్పుడు ట్వంటే పేరు పిలిచారు. వాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని నడిచొచ్చారు. చిన్న కప్పు తీసుకుని, దాన్ని వాళ్లావిడ చేతిలో పెట్టి, దాలయ్య కుంటుకుంటూ తిన్నగా సేక్కాన్ కుర్రాళ్ల దగ్గరికి వెళ్లాడు. నేను భయపడి వెనకే వెళ్లాను.

"డానియేలూ, మీకూ మాకూ ఓ ఆట మిగిలింది," అన్నాడు. "జనం అనుకుంటున్నది నాకూ ఇనపడింది. ఓడెక్కకముందు మా మడిలోకి రండి. కప్పు నేదు, ఏటీ నేదు. ఎవురు ఆడాల్సిందో మనమే సూసుకుందాం."

డానియేలు లేచి నిలబడ్డాడు.

"ఏ రోజు?" అన్నాడు.

విమానాశ్రయం దారి

నేను బయల్దేరేది ఆ ఆటకి ముందే. వదిన ఎండు చేపలు, చింతచిగురు పొడి కట్టిచ్చింది. మెట్ల దాకా వచ్చింది. "కోపం తెచ్చుకోకు విజయా," అంది. "కోపం నాకెందుకు వదినా, నీకు కదా రావాలి," అన్నాను. "నాకుంది. ఇంకొన్నాళ్లుంటాది," అంది. కానీ నా చెయ్యి వదల్లేదు.

టాక్సీలో డానియేలు నా పక్కన కూర్చున్నాడు. చాలా దూరం పోయాక అడిగాడు.

"అత్తా, మీ కాలేజీలో అయితే నువ్వు ఎవర్ని పంపుదువు?"

"నిన్నే."

"మరి ఇక్కడ?"

"మా కాలేజీలో ఎంపిక కాని పిల్లకి వచ్చే ఏడు ఇంకో అవకాశం ఉండేది. ట్వంటేకి లేదనిపించింది."

వాడు కిటికీలోంచి చూస్తూ, "నాకూ నేదు గదా అత్తా," అన్నాడు.

"నీకూ లేదురా," అన్నాను. వాడు తలూపి, విమానాశ్రయంలో నా పెట్టె దించి, నేను లోపలికి వెళ్లేదాకా గేటు దగ్గర నిలబడ్డాడు. విమానంలో కళ్లు మూసుకున్నాను కానీ నిద్ర రాలేదు. ఎన్నో ఏళ్లుగా ఎంతోమందిని వద్దన్న అలసటంతా ఆ ఒక్క ప్రయాణంలోనే పట్టుకున్నట్టుంది.

ఇంటి దగ్గర

క్రిస్మస్ అయిన కొద్ది రోజులకి వదిన ఫోన్ చేసింది. లైను తెగుతూ కలుస్తూ ఉంది. డానియేలు మర్నాడు ఓడెక్కుతున్నాడట. ట్వంటే వెళ్లొచ్చారట. ఎవరు గెలిచారని అడిగాను. "ఆడ్నే అడుగు," అని ఫోన్ వాడికిచ్చింది.

"గెల్సినాం అత్తా. రెండొకటి."

"అయితే ఫైనల్లో మీరే ఉండాల్సింది," అన్నాను.

"తెల్దు," అన్నాడు. "మొదటి గోలు ఆళ్లే కొట్టినారు. ఊ దాలయ్య తమ్ముడు. ఆ ముసిలాయన ఎక్కడి నుంచి వొచ్చినాడో కనపడనేదు. సివర్లో మేం కొట్టినాం. రాజు ఉంటే మాత్రం ఓడిపోదుం."

"రాజు కబురేమైనా తెలిసిందా?"

"ఆడు ఆట మొత్తం సూసినాడు గదా! గట్టు మీద ఆళ్లమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంది, ఈడియోలో ఆడు. సిగ్నల్ పోతే లేచి నిలబడతాది, వొస్తే కూర్చుంటాది. నేను రెండో గోలు కొట్టీసరికి ఆ ఫోన్లోంచి ఆడు నన్ను తిట్టిన తిట్టు మైదానమంతా ఇనపడింది అత్తా. ఊ దాలయ్య ఆట ఆపీసి నవ్వినాడు. మేమందరం నవ్వినాం."

"ఏమని తిట్టాడురా?"

"అది నీకు సెప్పకూడదు," అన్నాడు. అని తనే నవ్వడం మొదలుపెట్టాడు. పక్కన వదిన ఏటా నవ్వు, ఏటా నవ్వు అని అడుగుతోంది. వాడు చెప్పబోయి, మళ్లీ నవ్వు వచ్చి ఆగిపోతున్నాడు. లైను ఎప్పుడు తెగిందో నాకు తెలియలేదు, చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను.